చిమ్మెట పట్టిన ఇల్లు

(అమలాపురంలో ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగానికి రాతప్రతి. సభలోంచి వచ్చిన ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పట్టుచీరకి పురుగు పట్టింది, బీరువా అంతా దులిపాం, కలరా ఉండలు వేశాం, కొన్నాళ్ళకి మళ్ళీ పట్టింది. ఈ మాట మనవైపు తరచు వినేదే. మళ్ళీ ఎందుకు పట్టిందో మొదటే చెప్పేస్తాను. చీరని బాగుచేశారు గానీ పురుగు పెరుగుతున్న చోటు జోలికి పోలేదు. ఆ చోటు చాలా ఇళ్ళలో బీరువా లోపల ఉండదండీ. బీరువా వెనకాలో, కిందో, అటక మీదో, వెంటిలేటర్లో పావురం పెట్టిన గూట్లోనో ఉంటుంది. దాన్ని పట్టుకోనంతకాలం ఎన్ని చీరలు డ్రైక్లీనింగుకి వేసినా డబ్బు దండగే.

అయితే ముందు అది చిమ్మెటేనా, అంటే ఉన్నీ పట్టూ కొట్టే చిన్న రెక్కల పురుగేనా, కాదా తేల్చుకోవాలి. మనది వరి పండే సీమ. గాదెలో వడ్లో, డబ్బాలో బియ్యమో లేని ఇల్లుండదు. వడ్లలోంచి లేచే చిలక పురుగు గడ్డిరంగులో, చిన్నగా, చూడ్డానికి బట్టల చిమ్మెటలాగే ఉంటుంది. బియ్యాన్ని ఉండలు కట్టించే చిలక ఇంకొంచెం పెద్దది, బూడిదరంగు. ఇవి దీపం పెట్టగానే ట్యూబులైటు చుట్టూ చేరతాయి. వాటిని చూసి హడలిపోయి బీరువా ఖాళీ చేసేవాళ్ళున్నారు. బట్టల చిమ్మెటకి వెలుతురు గిట్టదు. తలుపు తీయగానే మడతల్లోకి పరుగెత్తి దాక్కుంటుంది. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే 6 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవు, మెరిసే గడ్డిరంగు, రెక్కల మీద చుక్కలుండవు. తల మీద మాత్రం ఎర్రటి నూగు కుచ్చుగా లేచి ఉంటుంది. ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, ఆ కుచ్చు కనబడుతుంది. వడ్ల చిలకకి తల నున్నగా ఉంటుంది, రెక్క కొస సన్నగా సాగి ఉంటుంది. కుచ్చు లేకపోతే వెళ్ళి బియ్యం డబ్బా చూసుకోండి, బీరువా జోలికి రావద్దు.

రెండోది, గోడల మీద పాకే సంచి పురుగు. సెంటీమీటరు పొడవున, చదునుగా, బూడిదరంగు సంచి. రెండు కొసలా కన్నం ఉంటుంది, వేలితో ముట్టుకుంటే ఇసుక అంటినట్టు గరుకు. లోపలి పురుగు ఏ కొసనుంచి కావాలంటే ఆ కొసనుంచి తల బయటపెట్టి సంచిని ఈడ్చుకుంటూ పోతుంది. ఇది ఎక్కువగా సాలెగూళ్ళు, చచ్చిన పురుగులు, రాలిన జుట్టు తింటుంది. ఉన్ని దొరికితే అదీ వదలదు. చీరలకి దీనివల్ల ప్రమాదం తక్కువే గానీ, ఇది గోడల మీద విరివిగా ఉందంటే ఆ గదిలో తేమ ఉంది, మూలల్లో జుట్టూ దుమ్మూ ఉన్నాయి అని అర్థం. అవే చిమ్మెటకీ కావాలి.

ఇక దెబ్బతిన్న బట్టని చూసి గుర్తుపట్టడం. చిమ్మెట కొట్టిన చోట సన్నటి పట్టుదారంతో అల్లిన గొట్టమో, సాలెగూడులాంటి పొరో ఉంటుంది. పక్కన ఆవగింజ కన్నా సన్నటి రెట్ట రవ్వలు. రవ్వ రంగు బట్ట రంగే, ఎర్ర శాలువా తింటే ఎర్ర రవ్వ. కన్నం ఉండి గొట్టం లేకుండా, నూగున్న గోధుమరంగు కుబుసాలు దొరికితే అది ఇంకో పురుగు, చిన్న గుండ్రటి పెంకుపురుగు. దానికీ నేను చెప్పబోయే వైద్యమే పనిచేస్తుంది. గంజి పెట్టిన నూలు చీర మీద పైపైన గీకినట్టుంటే అది వెండిరంగు పుస్తకాల పురుగు. దానికి కావలసింది గంజి. గంజి లేకుండా ఉతికి దాస్తే చీర జోలికి పెద్దగా రాదు. పట్టుచీర సరిగ్గా మడత మీద నిలువునా చిట్లితే అది అసలు పురుగే కాదు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచడం వల్ల పోగులు విరిగాయి.

ఇప్పుడు పురుగు సంగతి. రెక్కలొచ్చిన చిమ్మెట ఏమీ తినదు. గుడ్లు పెట్టి చచ్చిపోవడమే దాని పని. ఆడది మామూలుగా 40, 50 గుడ్లు పెడుతుంది. గుడ్డు అర మిల్లీమీటరు, పోగుల మధ్య ఇరుక్కుని ఉంటుంది, దులిపితే అన్నీ రాలవు. మన వేడికి వారం పది రోజుల్లోపే పిల్లపురుగు బయటికొస్తుంది. బట్ట తినేదంతా ఆ తెల్లటి పిల్లపురుగే. తిండీ తేమా బాగా కుదిరితే రెండు నెలల్లో మళ్ళీ రెక్కల పురుగవుతుంది. కుదరకపోతే ఏడాది, రెండేళ్ళు కూడా పురుగు రూపంలోనే ఈడుస్తుంది. మొండితనమంతా ఇక్కడే ఉందండి. మూడు నెలలు కనబడకపోతే పోయిందనుకుంటాం, అది ఏ సందులోనో ఆకలితో ఉండే ఉంటుంది. చలిదేశాల్లో శీతకాలం దీని పెరుగుదల నెమ్మదిస్తుంది, మన డెల్టాలో ఆ వెసులుబాటు లేదు. ఏసీ పెట్టిన పడకగది దీనికి ఏడాది పొడుగునా అనుకూలమే.

దీనికి కావలసింది కెరటిన్. ఉన్ని, వెంట్రుక, ఈక, గోరు, కొమ్ము అన్నిట్లో ఉండేది అదే. చాలా జీవులకి అరగని పదార్థం ఇది, చిమ్మెట అరిగించుకుంటుంది. పట్టు కెరటిన్ కాదు, అందుకే పట్టుని ఉన్నిని తిన్నంత ఇష్టంగా తినదు. కానీ చెమటపట్టిన జాకెట్టు చంకలు, పాయసం చుక్క పడిన పమిట, నెయ్యి మరక పడిన పంచె దొరికితే మొదట అక్కడే మొదలుపెడుతుంది. పెళ్ళిలో కట్టిన చీరని అలాగే మడతపెట్టి దాచితే చిమ్మెటకి వడ్డించినట్టే. శుభ్రమైన నూలుబట్ట, నైలాను, పాలిస్టరు దానికి పనికిరావు. మన కొబ్బరిపీచు పరుపులు, బూరుగుదూది తలగడలు కూడా చెట్టునుంచి వచ్చిన పీచే కాబట్టి వాటిని తినదు, అయితే వాటి కింద పేరుకున్న జుట్టుని తింటుంది.

కాబట్టి మీ ఇంట్లో జంతువు ఒంటిమీదనుంచి వచ్చింది ఏమేముందో జాబితా రాయండి. కంబళ్ళు, స్వెట్టర్లు అందరికీ తోస్తాయి. తోచనివి చెబుతాను. సవరం. బీరువా అరలోనో, డ్రెస్సింగు టేబులు సొరుగులోనో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది, పైన తాడుతో బిగించి కట్టిన చోట విడదీసి చూడండి. వెంట్రుకలు సగానికి తెగి, మధ్యలో పొడిలాంటి రెట్ట ఉంటే మూలం దొరికినట్టే. స్టీలు సామాన్ల వాళ్ళకి వెయ్యడానికి కవర్లో దాచిన చిక్కుజుట్టు. అటక మీద ఆ కవరు ఉందంటే చిమ్మెటల పెంపకం జరుగుతున్నట్టే, ఈ రోజే తీసేయండి. దేవుడిగదిలో నెమలి ఈకల కట్ట, చామరం. మడికి కట్టుకునే ఉన్ని ధావళి, ఉతకకుండా దండెం మీదే ఉంటుంది కాబట్టి మరీ ప్రమాదం. ఒడుగు నాటి కృష్ణాజినం, అంటే జింకతోలు. హార్మోనియం లోపలి ఫెల్టు, అంటే అదిమి చేసిన ఉన్ని పట్టీలు. పాతకాలపు సోఫాల్లో కుక్కిన గుర్రపు వెంట్రుక. పెంకుటిళ్ళలో చూరు కింద పిచ్చుక గూళ్ళు, మేడ ఇళ్ళలో ఏసీ వెనక పావురం గూళ్ళు. పడకగది కిటికీ కింద కోళ్ళగూడు ఉంటే, పందెం కోళ్ళు పెంచేవాళ్ళయితే మరీనూ, ఆ ఈకలన్నీ లెక్కలోకి వస్తాయి. అటక మీద చచ్చి ఎండిపోయిన ఎలుక కూడా.

సన్మానాల్లో కప్పిన శాలువాలు గుట్టలుగా ఉంటాయి కదండీ. వాటిలో చాలావాటిల్లో ఉన్నే ఉండదు. తేల్చుకోవడం తేలిక. అంచులోంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించండి. జుట్టు కాలిన కంపు కొట్టి బూడిద పొడిపొడిగా నలిగితే ఉన్ని గానీ పట్టు గానీ. కాగితం కాలిన వాసనొస్తే నూలు. కరిగి గట్టి పూసగా మారితే ప్లాస్టిక్ దారం. అన్ని శాలువాలకీ ఈ పరీక్ష చేస్తే మీ పని సగానికి తగ్గుతుంది.

ఇక అసలు పని. గదంతా ఒకే రోజు చేయాలి. ఇవాళ ఒక అర, వచ్చే ఆదివారం ఇంకో అర అంటే పురుగు ఇటునుంచి అటు మారుతుంది తప్ప పోదు. బట్టని అరలోంచి తీసిన క్షణమే పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టేయండి. విప్పిన శాలువా చేత్తో పట్టుకుని హాల్లోకి నడిస్తే దారి పొడుగునా గుడ్లు రాలుతాయి. నూలు, పాలిస్టరు బట్టలు ఒక వైపు, వాటికి ఉతుకూ ఇస్త్రీ చాలు. ఉన్ని, జుట్టు ఒక వైపు. పట్టు ఒక వైపు.

బీరువా ఖాళీ అయ్యాక ముందుకి జరపండి, ఇద్దరు పట్టాలి. వెనకాల గోడ వారన, కాళ్ళ కింద చేరిన జుట్టు చిక్కులు చూస్తారు. వాక్యూమ్ క్లీనరుకి సన్నటి ముక్కు తగిలించి సొరుగు పట్టాలు, తలుపు కీళ్ళు, లాకరు కింది సందు, మరమేకుల కన్నాలు అన్నీ పీల్చండి. పిల్లపురుగు గూడు కట్టుకోడానికి మేసిన బట్ట వదిలి దూరంగా పాకుతుంది, ఆ గూళ్ళు ఎక్కువగా ఈ కీళ్ళలోనే దొరుకుతాయి. చెక్క బీరువా అయితే అరకీ పక్క చెక్కకీ మధ్య నెర్రె మీద దృష్టి పెట్టండి. అరల్లో పరిచిన పాత పేపరు తీసి పారేయండి. వాక్యూమ్ సంచిని వెంటనే కవర్లో కట్టి ఇంటి బయట చెత్తలో వేయండి, లోపలే వదిలేస్తే సంచిలోనే పెరుగుతాయి. వాక్యూమ్ లేకపోతే గట్టి బ్రష్షుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, గుడ్డని మరిగే నీళ్ళలో ముంచండి. పక్షుల గూడు తీసేటప్పుడు అందులో పిల్లలు లేవని చూసుకుని తీయండి, తర్వాత ఆ కన్నానికి వల కొట్టించండి.

పురుగుని చంపడానికి చలి మంచి మందు. కవర్లో గాలి నొక్కి బయటికి తీసి, మూతి గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, ఒంటితలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఫ్రీజరు చాలాసార్లు మైనస్ 18కి దిగదు. థర్మామీటరు పెట్టి చూడండి, లేదా ఐస్‌క్రీములు పెట్టే డీప్ ఫ్రీజరు ఎవరింట్లో, ఎవరి కొట్లో ఉందో అడగండి. రొయ్యలూ చేపలూ ఉన్న ఫ్రీజరయితే రెండు కవర్లు వేయండి, పట్టుకి వాసన పడితే పోదు. రెండోది, కరెంటు. గాలివాన వచ్చి పూటంతా కరెంటు పోతే లోపల చల్లదనం పడిపోతుంది, లెక్క మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. మూడోది, తొందర. బయటికి తీయగానే కవరు విప్పేస్తే మన గాలిలో తేమంతా చల్లటి బట్ట మీద నీరవుతుంది, జరీ నల్లబడుతుంది. ఒక రోజు కట్టిన కవరు కట్టినట్టే గదిలో ఉంచి, బట్ట మామూలు వేడికి వచ్చాక విప్పండి. ఇంకా నమ్మకం కావాలంటే మొదటి వారం తర్వాత ఒక రోజు బయట పెట్టి మళ్ళీ లోపల పెట్టండి.

కంబళ్ళలాంటి దళసరి ఉన్నికి మన ఎండ ఉపయోగపడుతుంది. 55 డిగ్రీల వేడి బట్ట మధ్యదాకా చేరి గంటసేపు నిలిస్తే ఏ దశలో ఉన్న పురుగైనా చస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్ల పాలిథిన్ సంచిలో పలచగా పరిచి, పైన పారదర్శకమైన షీటు కప్పి, డాబా మీద పొద్దున్నుంచి మూడింటిదాకా పెట్టండి. కంబళి మడత మధ్యలో థర్మామీటరు ఉంచి చూడాలి. సంచి పైన చెయ్యి కాలినా లోపలి మడత ఇంకా చల్లగానే ఉండచ్చు. సాయంత్రం మంచు పడకముందే తీసేయాలి. పట్టుకీ రంగు చీరలకీ ఈ పద్ధతి వద్దు. పట్టుకి డ్రైక్లీనింగు మంచిది, ఆ ద్రావకం గుడ్లని కూడా చంపుతుంది, మరకా పోతుంది. కాకపోతే తెచ్చిన చీరని శుభ్రం చేయని బీరువాలో పెట్టకండి.

ఇంత చేశాక సందుల్లో మందు కొట్టాలా అంటే, ఎక్కువగా పట్టిన ఇంట్లో కొట్టించవచ్చు. పర్మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి బీరువా కింద, గోడ వార నెర్రెల్లో మాత్రమే. బట్టల మీద ఎంతమాత్రం కాదు. ఈ మందులు చేపలకీ రొయ్యలకీ మహా విషం. డబ్బా కడిగిన నీళ్ళు బోదెలోనో చెరువుగట్టునో పోయకండి. పిల్లులకి కూడా పర్మెత్రిన్ పడదు. డైక్లోర్‌వాస్ 2020 చివరినుంచి మన దేశంలో నిషేధం, పాత సీసా ఇంట్లో ఉన్నా వాడద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మిల్లులున్న ఊళ్ళలో ఎలాగో చేతికి అందుతాయి. అది బీరువాలో పెడితే పురుగు పోతుందని చెప్పేవాళ్ళు ఉంటారు. గాలిలో తేమ తగలగానే ఆ బిళ్ళలోంచి ఫాస్ఫిన్ వాయువు వస్తుంది. పక్కగదిలో పడుకున్న పిల్లల ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు లేదు. దయచేసి ఆ బిళ్ళని గడప దాటనివ్వకండి.

దాచుకోవడం గురించి. పూర్తిగా ఆరిన బట్టని, ఇస్త్రీ వేడి చల్లారాక, పాత నూలు పంచెలో చుట్టి, రబ్బరు అంచున్న మూత పెట్టెలో పెట్టండి. నూలు గుడ్డ ఒక్కటే చాలదు, అప్పుడే పుట్టిన పురుగు చాలా సన్నటి సందులోంచి కూడా దూరిపోతుంది. పెట్టె ఒక్కటే అయినా ఇబ్బందే, మన తేమకి లోపల బూజు పడుతుంది, అందుకే తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ పొట్లం వేయాలి. రంగు మారినప్పుడు వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చండి. వానాకాలంలో పెట్టె తెరవకుండా ఉంటే మంచిది, మాఘం వెళ్ళాక ఎండలు ముదిరేలోగా తెరిచి చూసుకోండి.

కాపలాకి జిగురు ఎరలు దొరుకుతాయి. వరిలో కాండం తొలిచే పురుగుకి పెట్టే లింగాకర్షక బుట్టలు మీకు తెలుసు, ఇదీ అదే పద్ధతి. కానీ వరికి తెచ్చిన ఎర ఇక్కడ పనిచేయదు, ఏ పురుగు ఎర దానిదే. బట్టల చిమ్మెటకి అని రాసి ఉన్నదే కొనండి, గదికి ఒకటి, మూడు నెలలకోసారి మార్చండి. దానికి మగవే అంటుకుంటాయి కాబట్టి ఎరతోనే పురుగు పోతుందని అనుకోవద్దు. ఏ గదిలో ఎక్కువ పడుతున్నాయో చూస్తే మూలం ఎటువైపుందో తెలుస్తుంది. ఏడాది పొడుగునా ఒక్కటీ పడకపోతే అప్పుడు నిశ్చింతగా ఉండండి.

అడగండమ్మా.

ప్రశ్న: కలరా ఉండలు అసలు వేయద్దంటారా?

ఆ వాసన గాలి చొరని పెట్టెలో దట్టంగా నిండితేనే పురుగుని చంపుతుంది. గాలి ఆడే బీరువాలో నాలుగు ఉండలు వేస్తే మన ముక్కుకే తెలుస్తుంది, పురుగుకి కాదు. పైగా జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం, ఉన్న పిల్లలకి ఆ వాసనతో రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. పురిటిబిడ్డకి ఆ బట్టలు తొడగడం మరీ ప్రమాదం. చంటిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. వేస్తే చీరకి తగలకుండా గుడ్డలో కట్టి వేయండి. బాత్రూము ఉండలతోనో కర్పూరంతోనో కలపకండి, కలిస్తే కరిగి బట్టకి మరక పడుతుంది.

ప్రశ్న: మా అత్తగారు వేపాకు, లవంగాలు వేసేవారండి. పనిచేయవా?

మంచి అలవాటే అమ్మా. రెక్కల పురుగు రాకుండా కొంత అడ్డుపడతాయి. వసకొమ్ము కూడా అందుకే వేసేవారు. కానీ లోపల ఉన్న పురుగుని ఇవేవీ చంపవు. ముందు పురుగు పోగొట్టి, తర్వాత వేయండి. వేపాకు గలగలలాడేలా ఎండాలి, పచ్చిదనం ఉంటే చీరకి పసుపు మరక, బూజు రెండూ వస్తాయి. మూడు నాలుగు నెలలకోసారి కొత్తవి మార్చాలి.

ప్రశ్న: కన్నాలు పడిన చీర ఏం చేయమంటారు?

ముందు డ్రైక్లీనింగు, ఆ తర్వాతే రఫ్ఫు. పురుగున్న చీర రఫ్ఫు వాళ్ళకిస్తే వాళ్ళ కొట్లో ఉన్న మిగతా చీరలకీ పడుతుంది.

ప్రశ్న: మాకు పాత హార్మోనియం ఉందండి, అందులోంచే వస్తున్నాయనిపిస్తోంది.

అవ్వచ్చు మాస్టారూ. దాన్ని ఫ్రీజర్లో పెట్టకండి, ఎండలోనూ పెట్టకండి, జిగురు అతుకులు విడిపోతాయి. పై పలక తీసి మీటల కింద ఉన్న ఫెల్టు పట్టీలు చూడండి. అంచులు కొరికి, అడుగున పొడి రాలి ఉంటే అక్కడే ఉన్నాయి. బాగుచేసేవాళ్ళ చేత పాత ఫెల్టంతా తీయించి, ఆ ముక్కలు కవర్లో కట్టి పారేయించి, లోపల వాక్యూమ్ పట్టించాకే కొత్తది వేయించండి. మళ్ళీ ఉన్ని ఫెల్టే వేస్తారు కాబట్టి పెట్టె పక్కనే ఒక జిగురు ఎర పెట్టి ఉంచండి.